రివాల్వర్ మొన మీద బొట్టుబిళ్ళ

సాయంత్రం డ్యూటీ దిగి క్వార్టర్ గడపలో కూచుని బూట్లు విప్పుతుంటే, లోపలి మంచం మీంచి మా నాయిన అడిగేది ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల తొవ్వల ఏం కనబడ్డది బిడ్డా?"

ఆయనకి చూపు లేదు. నీటికాసులు. చప్పుడు చెయ్యకుండా పక్కల నుంచి చూపు కొరుక్కుంటూ వచ్చే రోగం అది. బొగ్గుబాయిలో ఫిల్లరుగా పనిచేశాడు, అంటే బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపే పని. తెల్లారకముందే లోపలికి దిగడం, పైకి వచ్చి స్నానం చేసి పడుకోవడం. చుట్టూ ఇంత అడవి ఉండి కూడా పొద్దుటి పూట దాన్ని తీరిగ్గా చూసిన మనిషి కాదు. రిటైరయ్యాక చూద్దాంలే అనుకున్నాడట. కళ్ళు అందాకా ఆగలేదు. అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపారు. ఆయన బదులు నాకు సెక్యూరిటీలో గార్డు ఉద్యోగం వచ్చింది. కొత్తగూడెంలో సగం ఇళ్ళలో ఉద్యోగాలు ఇట్లా ఒకరి ఒంటి మీంచి ఇంకొకరి ఒంటి మీదకి వచ్చినవే కాబట్టి, దీన్ని మేం పెద్ద కథగా చెప్పుకోం.

నా డ్యూటీ ఎస్కార్టు జీపు. ఓపెన్‌కాస్ట్ గనిలో రాయి పేల్చడానికి వాడే మందు వ్యాన్లో వెళ్తుంటే, దాని వెనకాలే మేం వెళ్ళాలి. అడవి మధ్య నుంచి దారి. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తాం. దారిలో చూసిందేదో సాయంత్రం నాయినకి చెప్తాను. ఇప్పపూలు ఏరేవాళ్ళు కనబడితే ఇప్పపూలు, వాగులో నీళ్ళుంటే నీళ్ళు, ఏమీ లేని రోజు లారీలూ దుమ్మూ. ఆయన తల కొంచెం పక్కకి వంచి వింటాడు. మధ్యలో అడ్డు ప్రశ్నలు వేస్తాడు. నాకు జీపు డ్యూటీ పోతే ఆయనకి అడవి పోయినట్టే. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

జీపులో నా నడుముకి రివాల్వర్ ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరి మీదా తీయలేదు. తీసే రోజు రావద్దని రాములవారికి దండం పెట్టుకునే బయల్దేరతాను. కానీ ఏడాదికోసారి ఫైరింగ్ పరీక్ష ఉంటుంది. మట్టిదిబ్బ కింద మనిషిబొమ్మ గీసిన అట్ట నిలబెడతారు. ఆ బొమ్మకి తగిలితే జీపు. తగలకపోతే మెయిన్ గేటు, విజిటర్ల పాసులు, హెల్మెట్ లేకుండా వచ్చినవాళ్ళతో తగాదాలు.

నా రివాల్వర్ పాతకాలపుది. మధ్యకి విరిచి గుండ్లు నింపాలి. బ్యారెల్ సన్నగా, నున్నగా, ఏ హంగూ లేకుండా ఉంటుంది. గురి చూడటానికి వెనక ఒక చిన్న గాడి, బ్యారెల్ చివర ఒక మొన. ఆ మొన సగానికి కోసిన రూపాయి బిళ్ళ మాదిరి గుండ్రంగా, పల్చగా ఉంటుంది. అట్లా ఎందుకు చేశారంటే, తోలు సంచిలోంచి గుంజినప్పుడు ఎక్కడా పట్టుకోకూడదని. అప్పట్లో రివాల్వర్ అంటే ఎదురుగా ఉన్నవాడి మీద గబుక్కున తీసేది, దూరం గురి చూసి కాల్చేది కాదు అనుకున్నారు. అందుకని మొనకి మర్యాద తక్కువ. నల్లటి ఇనుము మీద నల్లటి ఇనుము.

గురి అంటే మూడింటిని ఒక్క వరసలో పెట్టడం. కంటి దగ్గర గాడి, బ్యారెల్ చివర మొన, ఆవల బొమ్మ. గాడి మధ్యలో మొన కూచోవాలి, మొన మీద బొమ్మ కూచోవాలి. చెప్పడానికి ఇంతే. నేనూ నా పాత రివాల్వరూ ఈ పని ఏళ్ళ తరబడి తగువు లేకుండా చేశాం.

తగువు ఎప్పుడు మొదలైందంటే, ఒక ఫైరింగ్‌లో మొన అంచుకి నూగు పట్టింది. రుమాలుతో తుడిచాను. నూగు పోలేదు. ఆ ఏడాది బొటాబొటిగా గట్టెక్కాను. మరుసటి ఏడాదికి నూగు కాస్తా మబ్బయింది. గాడిలో మొన ఉందో లేదో అంచనా మీద కాల్చాను. మళ్ళీ బొటాబొటి. ఈ ఏడాది ఫైరింగ్ దగ్గరపడుతుంటే, ఆయుధాల గది చూసే పెద్దాయన మీదకి వెళ్ళాను.

"గిదేం తుడుపు పెద్దాయనా? మొన మొత్తం అరిగిపోయింది. నూనె పెడ్తున్నవా, ఇసుక పెడ్తున్నవా?"

ఆయన రివాల్వర్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మొన మంచిగనే ఉందమ్మా. ఆడలేక మద్దెల ఓడన్నదట, గట్లుంది నీ ముచ్చట."

ఆయనతో మాట్లాడటం మానేశాను. నా కోపం అట్లాంటిది, నిజం చెప్పినవాళ్ళ మీద ఎక్కువ వస్తుంది.

అట్లా మేం మాటల్లేకుండా ఉన్న రోజుల్లోనే కొత్త రివాల్వర్లు దిగాయి. పెట్టె విప్పుతుంటే అందరం చుట్టూ మూగాం. కొత్తగా చేరిన ఒక పిల్ల, చర్ల అవతల కోయ పల్లె నుంచి వచ్చింది, అందరికంటే ముందు చెయ్యి పెట్టి ఒకటి తీసింది. వెంట వచ్చిన పుస్తకం కూడా తీసి చదవడం మొదలుపెట్టింది. పుస్తకం చదివి తుపాకీ పట్టే తరం అది.

కొత్తదాని బ్యారెల్ పొడవెక్కువ, లావెక్కువ. కింద చివరి దాకా ఒక ఇనుప దిమ్మె అతికినట్టు ఉంది. అది ఖాళీ గుండ్లని తోసే కడ్డీని కాపాడుతుంది, పనిలో పనిగా మూతికి బరువునిస్తుంది, పేలినప్పుడు మూతి పైకి ఎగరకుండా. బ్యారెల్ పైన బల్లపరుపుగా ఒక పట్టీ, దాని మీద సన్నటి గీతలు. ఎండ పడి కంట్లో మెరవకుండా ఆ గీతలట. వెనక గాడి చుట్టూ తెల్లటి అంచు, పక్కన బుల్లి స్క్రూలు. గుండు ఎడమకి పోతుంటే గాడిని కుడికి జరుపుకోవచ్చు. ఇక మొన చూడాలి. సగం రూపాయి బిళ్ళ లేదు. ఏటవాలుగా పైకి లేచిన దిమ్మె, దాంట్లో పొదిగిన ఎర్రటి ముక్క.

"ఇది రివాల్వరా, పెండ్లిపిల్లా? గిన్ని సోకులెందుకు?" అన్నాను.

"ఎరుపుంటే కన్ను జల్దీ పట్టుకుంటదంట అక్కా. గాడికి, మొనకి దూరం పెరిగితే తప్పు కూడా తగ్గుతదంట. మనం వెంట్రుకంత పక్కకి పట్టినా పాతదాంట్ల ఎక్కువ పోతది, దీంట్ల తక్కువ పోతది" అంది ఆ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

"నా కన్నుకి దారి చూపెట్టెటోళ్ళు అవసరం లేదు. కొత్తొక వింత, పాతొక రోత. మీరు పట్టుకోండి, నాకు నాదే చాలు."

పాతవి పూర్తిగా వాపసు పోయేదాకా ఎవరికి ఇష్టమైంది వాళ్ళు వాడుకోవచ్చన్నారు. నేను పాతదే ఉంచుకున్నాను. అందరూ నాది అభిమానం అనుకున్నారు. అభిమానం కాదు, భయం. మొన కనబడకపోవడం రివాల్వర్ తప్పయితే నాకు పరవాలేదు. కొత్తది పట్టుకున్నాక కూడా కనబడకపోతే అది ఇంకెవరి తప్పవుతుంది? మా నాయిన కూడా మొదట్లో బాయిలో లైటు సరిగ్గా లేదనే అన్నాడు. ల్యాంప్ రూములో వాళ్ళతో రోజూ కొట్లాడేవాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ మా దగ్గర ఘనంగా చేస్తాం. గుండ్లు తీసేసిన తుపాకులన్నీ కడిగి, తుడిచి, బల్ల మీద దుప్పటి పరిచి వరసగా పెడతారు. పూలు, గంధం, కుంకుమ, బయట గుమ్మడికాయ. పెద్దాయన ప్రతిదానికీ స్వయంగా బొట్టు పెడతాడు. ఆయన లెక్కలో తుపాకీకి నుదురంటే మూతి పైభాగం. కాబట్టి సరిగ్గా మొన మీద గంధం రాసి, దాని మీద కుంకుమ అద్దుతాడు.

పూజయ్యాక ఎవరిది వాళ్ళు తుడిచి లోపల పెట్టాలి. నాది తీసుకుని, అలవాటు కొద్దీ, ఖాళీదే కదా అని ఎదురు గోడ వైపు పెట్టి చూశాను.

మొన కనబడింది.

మొనంటే మొన కాదు, మొన మీది కుంకుమచుక్క. గాడి మధ్యలో ఎర్రగా, నిండుగా. అంచులు మసకే గానీ ఉన్నదని తెలుస్తోంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, పెద్దాయనతో మాటల్లేవన్న సంగతి మర్చిపోయి "నీ చెయ్యి చల్లగుండ" అని దండం పెట్టాను. ఆయన బిత్తరపోయి నాకు రెండు అరటిపళ్ళు ఎక్కువ ఇచ్చాడు.

కానీ కుంకుమ ఎంతసేపుంటుంది? ఊపిరి తగిలితే రాలింది. ఆ రాత్రి తలుపు వెనక అద్దం ముందు జడ విప్పుకుంటుంటే ఉపాయం తోచింది. అద్దం నిండా నేను అతికించిన బొట్టుబిళ్ళలే కదా. మా ఇంట్లో అద్దం చూసేది నేనూ మా ఆయనా. ఆయన సారపాక కాగితం మిల్లులో షిఫ్టులు చేసి వారానికోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా గడ్డం గీసుకుంటూ "నా మొహానికి తట్టు పోసినట్టు కనబడ్తుంది" అని గునుస్తాడు. ఆ బిళ్ళల్లో అన్నిటికంటే చిన్నది, ఎర్రది ఒకటి గీకి తీశాను.

ఫైరింగ్ రోజు పొద్దున నా రివాల్వర్ తీసుకుని, ఎవరూ చూడకుండా మొన వెనక వైపున అతికించాను. మొన సన్నం కదా, బిళ్ళ రెండు పక్కలా కొంచెం పొంగింది. అయినా గాడిలోంచి చూస్తే ఎంత ముచ్చటగా ఉందో. ఫ్యాక్టరీ వాళ్ళు వందేళ్ళు తలకాయలు బద్దలు కొట్టుకుని ఎర్ర ముక్క పొదిగితే, నేను రూపాయి ఖర్చు లేకుండా పనైపోగొట్టాను అనుకున్నాను. ఆ పూట నా అంత తెలివైంది జిల్లాలో లేదు.

ఎండ మండిపోతోంది. మొదటి గుండు బొమ్మ గుండెలో పడింది. సెక్యూరిటీ ఆఫీసర్ సారు దుర్భిణిలోంచి చూసి "శాభాష్" అన్నారు. రెండోది కొంచెం కుడికి పడింది. మూడోది భుజం. నా చెయ్యే ఊగుతోందని ఇంకా గట్టిగా పట్టాను, ఎర్రచుక్కని ఇంకా శ్రద్ధగా గాడి మధ్యలో పెట్టాను. అంత శ్రద్ధగా కాలిస్తే అది బొమ్మ చెవి పక్క నుంచి పోయింది. ఆ తర్వాతవి అట్టకే తగల్లేదు, వెనక దిబ్బలో మట్టి లేచింది.

సారు దుర్భిణి దించారు. "ఏందమ్మా, ఎదురుంగున్నోన్ని వదిలిపెట్టి పక్కనున్న గాలిని కాలుస్తున్నరు?"

పెద్దాయన వచ్చి రివాల్వర్ చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గోటితో మొన మీంచి ఒకటి తీసి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. ఎండకి కాలిన ఇనుము, పేలుడు వేడి, ఆ కుదుపు, అన్నీ కలిసి జిగురు కరిగింది. గుండు గుండుకీ బిళ్ళ కొంచెం కొంచెం ఎడమకి జారింది. నేను చూస్తున్నది మొనని కాదు, బిళ్ళని. బిళ్ళని గాడి మధ్యలో పెట్టినప్పుడల్లా అసలు మొన కుడికి తిరిగింది, దాని వెంట గుండు.

వరస వరసంతా నవ్వింది. వాళ్ళని అనడానికి లేదు, నేనైతే నేల మీద పడి దొర్లేదాన్ని. సారు మాత్రం నవ్వు ఆపుకుని, వచ్చే బ్యాచ్ ఫైరింగ్‌లో మళ్ళీ అవకాశం ఉందని, అదే ఆఖరని, అప్పటిదాకా గేటు డ్యూటీ అని చెప్పారు. జీపు ఆ కోయ పిల్లకి ఇచ్చారు.

ఆ సాయంత్రం గడపలో కూచుని బూటు విప్పుతుంటే లోపల్నించి ప్రశ్న రానే వచ్చింది. గేటు దగ్గర నుంచి ఏం చూశానని చెప్పను? తారు రోడ్డు, ఇనుప గొలుసు, సంతకాలు. నోరు తెరిచి ఉన్న మాట చెబుదామనుకుంటే వేరే మాట వచ్చింది.

"నెమలి కనబడ్డది నాయినా. రోడ్డుకు అడ్డంగా నడుసుకుంట పోయింది."

"పురి ఇప్పిందా?"

"ఇప్పకపోతే ఊకుంటదా?"

ఆయన మొహం వెలిగింది. ఇక నన్ను ఆపేదెవరు. చలికాలం మొత్తం నేను గేటు దగ్గర హెల్మెట్ల గొడవలు పడుతూనే అడవిని తయారుచేశాను. ఒక రోజు కుందేళ్ళు. ఒక రోజు వాగు ఒడ్డున ఎలుగుబంటి అడుగులు. పుట్టతేనె తీసేవాళ్ళు. మంచులో నిలబడ్డ దుప్పి, దాని వెనక పిల్ల. నెమలి మాత్రం మధ్యమధ్యలో వచ్చి పోయేది, పాపం దానికి వేరే పని లేనట్టు. చెప్తుంటే నాకే బాగుండేది. చెప్పాక మాత్రం అన్నం సరిగ్గా దిగేది కాదు. కళ్ళు లేని మనిషికి లేనివి చూపించడం కంటే నీచం ఏముంటుంది అనిపించేది. ఆపడానికి మాత్రం ధైర్యం రాలేదు.

ఆ పిల్ల రోజూ జీపు దిగి గేటు దగ్గర ఆగేది. తన ఫోన్లో వాళ్ళమ్మతో కోయలో గలగలా మాట్లాడి, పెట్టేసి, నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చేది. ఒక రోజు సెంట్రీ గదిలోకి వచ్చి, గుండ్లు తీసేసి, ఖాళీదని నాకు చూపించి, తన కొత్త రివాల్వర్ నా చేతిలో పెట్టింది.

"ఒక్కసారి గోడ దిక్కు పెట్టి చూడక్కా. గంతే. నేనెవ్వరికీ చెప్ప."

బరువు ముందుకి తూగింది. పాతది చేతిలో గెంతేది, ఇది కుదురుగా కూచుంది. తెల్లటి అంచు మధ్యలో ఎర్ర ముక్క. ఊడిపోని బొట్టు పెట్టి పంపారు అనుకున్నాను. ఎవరో ఎక్కడో కూచుని, వయసు మీద పడే కళ్ళ గురించి నా కంటే ముందే ఆలోచించారు. దానికే నాకు ఒళ్ళు మండింది. నాకు వయసైపోతోందని వాళ్ళకెవరు చెప్పారు?

కానీ ఎరుపు అంచులు ఇంకా మసకే. రివాల్వర్ దించి కళ్ళు నలుపుకున్నాను.

"దీంట్ల కూడా నూగే కనబడ్తుంది" అన్నాను.

"నూగు దాంట్ల లేదక్కా" అంది. నన్ను చూడకుండా, గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ అంది. "దవాఖానకి పోదాం. నేనొస్త నీ ఎంబడి."

కొత్తగూడెంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా నాయిన కళ్ళ సంగతి ముందే చెప్పాను. కంట్లోకి గాలి ఊది లోపలి ఒత్తిడి చూశారు. ఒక డబ్బాలో మొహం పెట్టించి, పక్కల నుంచి మెరిసే చుక్కలు కనబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఒక్క చుక్క కూడా వదలకూడదని కనబడనివాటికి కూడా నొక్కాను. మళ్ళీ మొదటి నుంచి చేయించారు.

డాక్టరు కాగితాలు పక్కన పెట్టి నవ్వారు. "మీ నాన్నకున్నది మీకు లేదమ్మా. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. మీకున్నది యాభై ఏళ్ళు, అంతే. అద్దాలిస్తా. చదువుకోవడానికేనా?"

"కాదు సార్, కాల్చడానికి."

"ఎంత దూరంలో ఉన్నది కనబడాలి?"

మాటల్లో చెప్పడం రాక రెండు చేతులూ చాచి, వేళ్ళు బిగించి, ఒక కన్ను మూసి చూపించాను. నేను ఎదురుగా ఉన్నది డాక్టరనే మర్చిపోయాను. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు. తలుపు దగ్గర నర్సు చేతిలో ట్రే గలగలలాడింది. పక్కనున్న ఆ పిల్ల "యూనిఫాం ఉద్యోగం సార్" అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

చాచిన చేతికి సరిపోయే అద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుంటే బొటనవేలి గోరు గీతలతో సహా స్పష్టంగా కనబడుతుంది, ఎదురు గోడ మాత్రం అలికినట్టు అవుతుంది. రెండూ కనబడేవి లేవా అన్నాను. మనిషి కన్ను ఏ వయసులోనైనా ఒకసారికి ఒక దూరాన్నే చూస్తుందట. పడుచు కన్ను ఇక్కడికీ అక్కడికీ చకచకా గెంతుతుంది కాబట్టి అన్నీ చూస్తున్నాననుకుంటుందట. ఇప్పుడు నాది గెంతదు. ఒకటి ఎంచుకోవాలి.

ఆటోలో నేను ఏడ్చాను. దుఃఖం కాదు, బరువు దిగిన ఏడుపు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కూచుంది. దిగేముందు మాత్రం "అక్కా, డాక్టర్ మొఖం చూస్తివా?" అంది, ఇద్దరం నవ్వుకుంటూ దిగాం.

రెండో ఫైరింగ్ చలి తగ్గి ఎండలు ముదిరే వేళకి వచ్చింది. ఈసారి కొత్త రివాల్వర్ అడిగాను. పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు. సరిచూసుకోవడానికి ముందు కొన్ని గుండ్లు ఇచ్చారు. అన్నీ ఒక్క చోటే, కానీ కొంచెం ఎడమకి పడ్డాయి. పెద్దాయన చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని గాడిని అటు నుంచి ఇటు కొంచెం జరిపాడు. నా పాతదానికైతే ఈ మాత్రం తేడా వస్తే మనమే సర్దుకుపోవాలి.

అద్దాలు పెట్టుకుని నిలబడ్డాను. మొన కనబడింది. దాని మీది ఎర్ర ముక్క, ముక్క మీది అడ్డగీతలు, గీతలో ఇరుక్కున్న దుమ్ము నలుసు, అన్నీ. ఆవల బొమ్మ మాత్రం గోడకి పట్టిన మసిలా ఉంది. అన్నాళ్ళూ నాకు బొమ్మ స్పష్టంగా కనబడేది, దాన్నే చూసేదాన్ని. ఇప్పుడు దాన్ని చూడకుండా దాన్ని కొట్టాలి. నాయిన మంచం మీద కూచుని వినేటప్పటి మొహం గుర్తొచ్చింది. మొన మీదే కన్ను పెట్టి, మెల్లగా నొక్కాను. మూతి ఎగిరి మళ్ళీ వచ్చి గాడిలో కూచుంది. మళ్ళీ నొక్కాను.

ఒక్కటి తప్ప అన్నీ బొమ్మలో ఉన్నాయి. ఆ ఒక్కటీ అంచుని గీరుకుని పోయింది.

"కండ్లద్దాలతోనా?" అన్నారు సారు.

"అద్దాలు వద్దని రూల్లో లేదు సార్. బొట్టు వద్దని కూడా లేదనుకోండి, అది వేరే ముచ్చట."

ఆయన నవ్వి, మర్నాటి నుంచి జీపు అన్నారు. పాత రివాల్వర్ని నేనే ఆయుధాల గదిలో అప్పగించాను. వాపసు పంపే పెట్టెలో మిగతా పాతవాటి పక్కన పెడుతుంటే మనసు చివుక్కుమంది. దాని తప్పు ఒక్కటీ లేకుండా ఎన్ని మాటలన్నానో. మొన మీద ఇంకా కొంచెం జిగురు ఉంది, చీర కొంగు లేదు కాబట్టి యూనిఫాం చేతితోనే తుడిచాను.

మర్నాడు జీపెక్కాను. ఇన్నాళ్ళ తర్వాత నిజం అడవి. ఒక్క నెమలి కనబడితే చాలు, నా అబద్ధాలన్నీ కొంతైనా నిజమవుతాయి అని కళ్ళు చించుకుని రెండు పక్కలా చూశాను. నెమలి కాదు కదా, కాకి కూడా రాలేదు. మిల్లుకి పోయే జామాయిలు కర్ర లారీ పంచరై రోడ్డుకి అడ్డంగా నిలబడింది. వెనక బొగ్గు లారీలు. ఆకుల మీద, మా మీద, మందు వ్యాను మీద ఒకే రంగు దుమ్ము. ఆ లారీ జరిగేదాకా జీపులో కూచుని ఉడికాం. తిరుగు ప్రయాణంలో ఒక మేకల మంద. అంతే.

సాయంత్రం గడపలో కూచుని బూటు విప్పాను.

"ఇయ్యాల తొవ్వల ఏం కనబడ్డది బిడ్డా?"

నాలుక చివర దుప్పి ఉంది, దాని పిల్ల ఉంది. రెండింటినీ మింగేశాను.

"ఏం లేదు నాయినా. కట్టెల లారీ పంచరై అడ్డం పడ్డది. గంటల కొద్దీ దుమ్ము తిన్నం. మేకలొచ్చినయ్. గంతే."

మంచం కిర్రుమంది. ఆయన లేచి కూచున్నాడు. మొహమంతా నవ్వు.

"అయితే మళ్ళ జీపెక్కినవన్నట్టు."

నా చేతిలో బూటు చేతిలోనే ఉండిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"గిన్నేండ్ల సంది నువ్వు చెప్పేదంత లారీలు, పంచర్లు, దుమ్మే. పదిదినాలకోపారి ఒక కుందేలు. దసరా పొయినంక రోజూ నెమలే. రోజూ కనబడనీకి అది నెమలా, పక్కింటోళ్ళ కోడా?"

"మరి అడగలేదేంది?"

ఆయన దుప్పటి అంచు చేత్తో వెతుక్కుని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అడిగితె, చెప్పుడు బంద్ చేస్తవని."

రెండో బూటు విప్పకుండానే లోపలికి వెళ్ళి ఆయన పక్కన మంచం మీద కూచున్నాను. ఆ కట్టెల లారీ ఎక్కడ ఆగింది, ఏ టైరు పోయింది, డ్రైవరు ఎవరిని తిట్టాడు, అన్నీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.